నర్సరీ తరగతిలో ఏం జరుగుతుంది? అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం నా తరగతి గుమ్మం దగ్గర అమ్మానాన్నలు, తాతయ్యలు, నాయనమ్మలు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఆ సమయంలో నా చంకలో ఒకడు ఏడుస్తుంటాడు, కొంగు పట్టుకుని ఇంకొకతి లాగుతుంటుంది. నిలబడి నిమిషంలో జవాబు చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను ఒక చిన్న పట్నంలో నర్సరీ టీచర్ని. చాలా ఏళ్లుగా మూడేళ్ల పిల్లల మధ్యే ఉన్నాను. ఇందులో ఉన్న అభిప్రాయాలు ఆ పిల్లలు నాకు నేర్పినవి.

నర్సరీలో చేర్చడానికి ఏ వయసు సరైనది? రెండున్నరేళ్లకే తీసుకుంటామంటున్నారు. చేర్చేయమంటారా?

మూడేళ్లు నిండనివ్వండి. లెక్క వెనక నుంచి వేసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతిలో చేరేటప్పటికి పిల్లకి ఆరేళ్లు ఉండాలి. అంటే యూకేజీకి ఐదు, ఎల్కేజీకి నాలుగు, నర్సరీకి మూడు. కొన్ని బడుల్లో ఎల్కేజీ, యూకేజీలనే పీపీ-1, పీపీ-2 అంటారు. ప్రభుత్వ కాగితాల్లో ఒకటో తరగతికి ముందు ఏడాదికి బాల్‌వాటిక అని పేరు కనిపిస్తుంది. పేర్లు ఎన్నున్నా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకూ ఉన్న కాలాన్ని ఆ విధానం ఒకే దశగా చూసింది. మూడేళ్ల పూర్వ ప్రాథమిక చదువు, ఒకటి, రెండు తరగతులు కలిపి పునాది దశ అన్నమాట.

ఆరు నెలలు ముందు చేరిస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. మనకి ఆరు నెలలు పెద్ద లెక్క కాదు. మూడేళ్ల పిల్లకి మాత్రం అది తను బతికిన కాలంలో ఆరో వంతు. ఆ ఆరు నెలల్లోనే బాత్రూమ్ వస్తోందని చెప్పడం, ఆకలేస్తోందని చెప్పడం, మెట్లు దిగడం లాంటివన్నీ కుదురుకుంటాయి. ముందు చేరిన పిల్ల ప్రతి తరగతిలోనూ అందరికంటే చిన్నదిగానే ఉండిపోతుంది.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏం చేస్తారు?

మా తరగతిలో జరిగేది చెప్తాను. తొమ్మిదింటికి పిల్లలు వస్తారు. చెప్పులు విప్పి జతగా పెట్టడం, బ్యాగు కొక్కేనికి తగిలించడం, నీళ్ల సీసా వరసలో నిలబెట్టడం మొదటి పాఠం. జూన్‌లో ఈ పనికి అరగంట పడుతుంది. సంక్రాంతి సెలవులయ్యేసరికి ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఏ చెప్పు ఏ కాలిదో తేల్చుకోవడానికి మూడేళ్ల పిల్ల ఎంత ఆలోచిస్తుందో దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది.

తర్వాత చాప మీద గుండ్రంగా కూర్చుంటాం. ఈ రోజు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, బయట ఎండగా ఉందా మబ్బుగా ఉందా, పొద్దున ఏం తిన్నారు. ఇవే మా కబుర్లు. "మా ఇంట్లో పెసరట్టు", "మా తాత పొలానికెళ్లాడు", "మా గేదె దూడని పెట్టింది". నా దృష్టిలో రోజు మొత్తంలో ఇదే అసలైన భాషా తరగతి. దూడ రంగేమిటి, లేచి నిలబడిందా, పాలు తాగిందా అని అడుగుతూ పోతే, మొదట ఒక్క మాట చెప్పి ఊరుకున్న పిల్ల దసరా నాటికి నాలుగు వాక్యాలు కలిపి చెప్తుంది. మిగతావాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆగడం కూడా అక్కడే అలవాటవుతుంది.

ఆ తర్వాత ముప్పావు గంట ఎవరికి నచ్చిన మూలకి వాళ్లు వెళ్తారు. ఒక మూల వంటిల్లు, ఒక మూల చెక్క దిమ్మలు, వరండాలో ఇసుక తొట్టి, నీళ్ల టబ్బు, కిటికీ పక్కన బొమ్మల పుస్తకాల చాప. నేను తిరుగుతూ చూస్తుంటాను, అవసరమైతేనే మాట కలుపుతాను. పదిన్నరకి చేతులు కడుక్కుని స్నాక్స్. తర్వాత చెట్టు కింద ఆటలు. పాత టైర్లు, తాడు, నేల మీద సుద్దతో గీసిన గీతలు ఉంటే మాకు చాలు. లోపలికొచ్చాక చేతిపని. బంకమట్టి, కాగితం చింపి అంటించడం, రంగులు. చివర్లో కథ.

కథ గురించి ఒక మాట. ఒకే కథ వారమంతా చెప్తాను. ఇంటికెళ్లి పిల్లలు అదే చెప్తుంటే కొందరు అమ్మలు "కొత్తవి చెప్పరా టీచర్?" అని అడుగుతారు. కొత్త కథ చెప్పబోతే పిల్లలే ఒప్పుకోరు. మొదటి రోజు వింటారు. రెండో రోజు తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తారు. మూడో రోజు నేను కావాలని తప్పు చెప్తే అరిచి సరిదిద్దుతారు. శుక్రవారం నాటికి వాళ్లే చెప్తారు, నేను వింటాను. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్న వరస బుర్రలో కుదురుకోవడం చదువుకి ఎంత అవసరమో రెండో తరగతి టీచర్ని అడిగితే చెప్తారు.

పన్నెండున్నరకి ఇంటికి.

అక్షరాలు ఎప్పుడు రాయిస్తారు? పక్కింటి బాబు నర్సరీలోనే ఏ నుంచి జెడ్ దాకా, ఒకటి నుంచి యాభై దాకా రాసేస్తున్నాడు.

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. నేను అందరికంటే ఎక్కువ పట్టుదలగా జవాబు చెప్పేది కూడా దీనికే. నర్సరీలో మేము అక్షరాలు రాయించం.

కారణం చేతిలో ఉంది. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా ఎముకగా గట్టిపడతాయి. ఆఖరిది మొదలయ్యేసరికి పిల్లలకి తొమ్మిదేళ్లో పదేళ్లో వస్తాయి. మూడేళ్ల చేతికి వేళ్ల కొసలతో సన్నటి పెన్సిల్ పట్టుకుని నాలుగు గీతల మధ్య గుండ్రంగా తిప్పేంత బలం, అదుపు ఉండవు. బలవంతం చేస్తే పిల్ల పిడికిలి బిగించి, భుజం మొత్తం కదిలిస్తూ రాస్తుంది. ఆ పట్టు అలాగే అలవాటైపోతుంది. నాలుగో తరగతిలో ఒక పేజీ రాసేసరికి చెయ్యి నొప్పి అనే పిల్లల్లో చాలామంది పెన్సిల్ పట్టు ఇలాగే ఉంటుంది.

మరి చేతిని ఎలా తయారుచేస్తాం? రాత భుజం దగ్గర మొదలవుతుంది. తాడు పట్టుకుని వేలాడటం, చేతుల మీద పాకడం, గోడ మీద పెద్ద బ్రష్షుతో నీళ్లు పూయడం భుజానికి, మోచేతికి. మట్టి పిసకడం, తడిగుడ్డ పిండటం అరచేతికి. బటానీలు ఒలవడం, పూసలు గుచ్చడం, బట్టలకి పెట్టే క్లిప్పులు తీసి పెట్టడం వేళ్లకి. పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి చూపుడు వేలితో గీతలు గీయిస్తాం. నిలువు గీత, అడ్డ గీత, సున్నా, వాన చినుకులు, పాము నడక. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ అని మీ పిల్లలు ఇంటికొచ్చి చెప్పేవి ఇవే. తెలుగు అక్షరాలన్నీ వంపులే కాబట్టి మేము సున్నా, అరసున్నా, సుడి లాంటి ఆకారాలతో ఎక్కువ రోజులు గడుపుతాం. ముగ్గు వేసే అమ్మ పక్కన కూర్చున్న పిల్లకి ఈ వంపులు ముందే పరిచయం.

చింతపిక్కలతో కూడా ఆకారాలు పేరుస్తాం. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మొదలుపెట్టేటప్పుడు ఎన్ని ఇచ్చామో లెక్కపెట్టుకుని, అయ్యాక మళ్లీ లెక్కపెట్టుకుంటాం. ముక్కులో పెట్టుకునే వయసు ఇది. ఇంట్లో చేయించేటప్పుడు పక్కనే కూర్చోండి.

అక్షరాభ్యాసం చేయించాం కదా, ఇంకా రాయించకపోతే ఎలా అని పెద్దవాళ్లు బాధపడతారు. ఆ వేడుకని గుర్తు చేసుకోండి. బాసరలోనైనా ఇంట్లోనైనా పళ్లెంలో బియ్యం పోసి, పెద్దవాళ్లు పిల్ల వేలు పట్టుకుని దిద్దిస్తారు. మెత్తగా కదిలే బియ్యం, పిల్ల సొంత వేలు, దాన్ని పట్టుకున్న పెద్ద చెయ్యి. మా రవ్వ పళ్లెం దాని చెల్లెలే.

పక్కింటి బాబు సంగతి. నా తరగతికి ఒకసారి వేరే చోటి నుంచి మారి ఒక అబ్బాయి వచ్చాడు. ఏ నుంచి జెడ్ దాకా చకచకా రాశాడు. మధ్యలో ఆపి ఒక అక్షరం చూపించి ఇదేమిటి నాన్నా అంటే ఏ దగ్గర్నుంచి మొదలెట్టి అక్కడిదాకా పాడితే తప్ప చెప్పలేకపోయాడు. పుస్తకం తెరిస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. ఆ చేతులు ముందుకు రావడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఇసుకతో, మట్టితో మళ్లీ మొదటి నుంచి. నాకు ఇప్పటికీ ఆ చేతులే గుర్తొస్తాయి.

రాయకుండా చదువు ఎలా మొదలవుతుంది?

చెవితో. మనకొక అదృష్టం ఉంది. తెలుగులో మాటని చప్పట్లతో విడగొడితే అక్షరాలే వస్తాయి. ప-ల-క, మూడు చప్పట్లు, మూడు అక్షరాలు. అ-మ్మ, రెండు. పు-స్త-కం, మూడు. పిల్లలు తమ పేర్లకి చప్పట్లు కొడతారు, ఎవరి పేరు పొడుగో తేలుస్తారు. తర్వాత "ప" తో మొదలయ్యేవి వెతుకుతారు. పాప అంటే "పా" అంటారు, అదీ మంచిదే. పిల్లి, పువ్వు, పెరుగు అని తెచ్చినవాళ్లకి అన్నిట్లోనూ ఉన్న ఆ పెదవుల చప్పుడు వినిపించిందన్నమాట. గుణింతం తర్వాత ఎప్పుడో నేర్పేటప్పుడు ఈ చెవి పనికొస్తుంది.

బొమ్మల పుస్తకం ఎటు నుంచి తెరవాలి, పేజీ ఎలా తిప్పాలి, నేను చదివేది బొమ్మని కాదు కింద ఉన్న ఆ నల్ల గీతల్ని అని గ్రహించడం కూడా చదువే. ఏడాది చివరికి చాలామంది కొక్కెం మీద తమ పేరు చీటీని, పక్కవాడి పేరు చీటీని గుర్తుపడతారు. ఎవరూ నేర్పలేదు, రోజూ బ్యాగు తగిలిస్తూ తగిలిస్తూ చూశారు.

తెలుగులో మాట్లాడతారా, ఇంగ్లీషులోనా? ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటారా?

ఇంట్లో మీకు ఏ భాషలో ముద్దు వస్తుందో, ఏ భాషలో కోపం వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి.

పిల్లలు బడికొచ్చేది ఒక భాషతోనే. అందులోనే వాళ్లకి ఆకలి, భయం, అలక అన్నీ ఉన్నాయి. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఎనిమిదేళ్ల వరకూ బోధన ప్రధానంగా మాతృభాషలో, ఇంటి భాషలో జరగాలనే చెప్పింది. మా తరగతిలో తెలుగులో మాట్లాడుకుంటాం, ఇంగ్లీషు రైములు పాడుకుంటాం, రంగులు, పండ్లు రెండు పేర్లతోనూ చెప్పుకుంటాం. ఇంగ్లీషు పాటతో, ఆటతో, చేతల సైగలతో వస్తే చక్కగా వస్తుంది. "సిట్ డౌన్, స్టాండప్, డోంట్ టాక్" అన్న మూడు ఆజ్ఞలతో వచ్చే ఇంగ్లీషు పిల్ల నోరు మూయిస్తుంది.

ఇంట్లో ఉర్దూ, లంబాడీ, కోయ, హిందీ మాట్లాడే పిల్లలు కూడా నా దగ్గరికి వచ్చారు. వాళ్లకి తెలుగే కొత్త భాష. మొదటి రోజుల్లో నీళ్లకి, అమ్మకి, బాత్రూమ్‌కి వాళ్లింట్లో ఏమంటారో అమ్మని అడిగి రాసుకుంటాను. వాళ్ల మాట ఒక్కటి టీచర్ నోట్లోంచి వినపడగానే ఆ పిల్లల ముఖం మారిపోతుంది. కొందరు రెండు మూడు నెలలు ఏమీ మాట్లాడరు, వింటూ ఉంటారు. కంగారుపడకండి, లోపల పని జరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో తడబడుతూ ఇంగ్లీషు మాట్లాడే బదులు ధారాళంగా తెలుగులో కబుర్లు చెప్పండి. నాయనమ్మ సామెతలు, తాతయ్య ఊరి ముచ్చట్లు ఏ స్కూలూ ఇవ్వలేదు.

లెక్కల్లో ఏం నేర్పుతారు?

వంద దాకా ఒప్పజెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు. ఇంట్లో మీరే చూడండి. ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లని "నాలుగు గరిటెలు తెచ్చిపెట్టు కన్నా" అనండి. గుప్పెడు తెస్తే అంకెలు ఇంకా పాటగానే ఉన్నాయని అర్థం. నర్సరీలో మేము ఐదు దాకా గట్టిగా చేస్తాం, కొందరు పదికి వెళ్తారు. ఒక్కో పళ్లానికి ఒక్కో బిస్కెట్టు పంచడం, మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టడం. ఏది ఎక్కువ, ఏది తక్కువ, పొడుగు, పొట్టి, బరువు, తేలిక. గవ్వలు ఒక కుప్ప, చింతపిక్కలు ఒక కుప్పగా వేరుచేయడం. ఎర్ర పూస, పచ్చ పూస, ఎర్ర పూస, తర్వాత ఏది? దండ గుచ్చుతూ పిల్ల ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగితే లెక్కల తలుపు తెరుచుకుంది.

ఇంట్లో వామనగుంటల పీట ఉంటే అటక మీంచి దించండి. గుంటకి నాలుగు గింజల చొప్పున వేయడం చాలు, ఆట నియమాలు తర్వాత నేర్చుకోవచ్చు.

ఇంత ఫీజు కట్టేది ఆడుకోవడానికేనా?

అవును, ఆటకే. ఆ ఆటని దగ్గరుండి చూసి, అందులోంచి పిల్లని ఒక మెట్టు పైకి తీసుకెళ్లే మనిషి కోసం.

దిమ్మల మూలలో ఇద్దరు పిల్లలు వంతెన కడుతున్నారనుకోండి. పొడుగు దిమ్మ కింద రెండు పొట్టి దిమ్మలు పెట్టారు, ఒకటి ఎత్తు, ఒకటి తక్కువ. వంతెన జారిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. నేను అప్పుడు "రెండూ పక్కపక్కన పెట్టి చూడండి" అని ఒక్క మాట అంటాను. అంతే. ఎత్తు సమానం కావాలన్నది వాళ్లే కనిపెడతారు. కూరగాయల కొట్టు ఆటలో ఒకళ్లు తూస్తారు, ఒకళ్లు బేరమాడతారు, డబ్బులు ఇచ్చి చిల్లర అడుగుతారు. ఎంత భాష, ఎంత లెక్క, ఎంత లోకజ్ఞానం!

ఇది ఇవాళ పుట్టిన మోజు కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఆటల బడి పెట్టాడు. కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట అన్న పేరు ఆయన పెట్టిందే. ఎల్కేజీ, యూకేజీల్లోని "కేజీ" అదే. డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల వాడలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి మన దేశపు టీచర్లకి స్వయంగా శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజూభాయి బధేకా అనే లాయరు వకాల్తా వదిలి బాలమందిరం నడిపాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం వాళ్ల ఇళ్ల ముంగిట్లోకే బడిని తీసుకెళ్లింది. అంగన్‌వాడీ, అంటే ముంగిటి బడి అన్న ఆలోచన అక్కడిది. వీళ్లెవరూ ఆటని చదువు మధ్యలో ఇచ్చే విరామంగా చూడలేదు.

అంగన్‌వాడీకి పంపితే సరిపోదా?

సరిపోతుంది, టీచర్ మనసుపెట్టి నడిపే అంగన్‌వాడీ అయితే నిశ్చింతగా పంపండి. 1975 అక్టోబరు 2న వచ్చిన ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద ఇవి మొదలయ్యాయి. ఆటపాటలతో పాటు భోజనం, గుడ్డు, బరువు తూచడం, టీకాలు అన్నీ ఒకే చోట ఉంటాయి. 2023 నుంచి పోషణ్ భీ పఢాయీ భీ (పోషణా, చదువూ) పేరుతో కార్యకర్తలకి చదువు వైపు కూడా శిక్షణ ఇస్తున్నారు. ఫీజు లేదు, ఇంటి దగ్గరే ఉంటుంది, చుట్టుపక్కల పిల్లలే తోటివాళ్లు. ఒకసారి వెళ్లి గంట కూర్చుని చూడండి. పిల్లలు మాట్లాడుతున్నారా, నవ్వుతున్నారా, చేతుల్లో ఏదైనా వస్తువు ఉందా? ఏ నర్సరీనైనా ఈ మూడే చూసి ఎంచుకోమంటాను. దానితో పాటు ఒక టీచర్ చేతి కింద ఎంతమంది ఉన్నారో కూడా అడగండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక టీచర్ ఉండాలన్నది ప్రమాణం. నలభై మందిని ఒక గదిలో కూర్చోబెడితే ఎంత మంచి టీచరైనా కర్ర పట్టుకునే పరిస్థితి వస్తుంది.

గుమ్మం దగ్గరే ఏడుపు. ఎన్నాళ్లు?

చాలామందికి రెండు మూడు వారాలు. కొందరికి ఇంకొంచెం. సోమవారాలు, పండగ సెలవుల తర్వాత రోజులు మళ్లీ మొదటికొస్తుంది, అది మామూలే.

చేయకూడనిది ఒకటుంది. "చాక్లెట్ కొనుక్కొస్తా, ఇక్కడే ఉండు" అని చెప్పి మాయమవకండి. పిల్ల ఆ రోజంతా గుమ్మం వైపే చూస్తుంది. రేపు మీరు పక్క గదిలోకి వెళ్లినా కాళ్లు చుట్టేసుకుంటుంది. ముద్దు పెట్టి, "అన్నం తినే వేళకి వస్తా" అని ఉన్నమాట చెప్పి, వెనక్కి తిరగకుండా వెళ్లండి. చెప్పిన వేళకి రండి. పది నిమిషాలు ఆలస్యమైతే మిగతా పిల్లలందరూ వెళ్లిపోయిన గదిలో ఆ పది నిమిషాలు ఎంత పొడుగో నేను రోజూ చూస్తాను.

ఇంటి వస్తువు ఒకటి పంపండి. ఒక అబ్బాయి వాళ్ల నాయనమ్మ పాత చీర ముక్క జేబులో పెట్టుకొచ్చేవాడు. ఏడుపొస్తే తీసి వాసన చూసుకునేవాడు. ఆగస్టు చివరికి ఆ ముక్క బ్యాగులోకి వెళ్లింది, దసరాకి ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరూ లాక్కోలేదు.

"అల్లరి చేస్తే టీచర్‌తో కొట్టిస్తా" అని మాత్రం దయచేసి అనకండి. ఆ ఒక్క మాట నా నెల రోజుల పనిని పాడుచేస్తుంది.

మా పాప పక్కవాళ్లని కొరుకుతోందని డైరీలో రాశారు. ఏం చేయాలి?

మాటలు చాలనప్పుడు పళ్లు మాట్లాడతాయి. బొమ్మ లాక్కున్నారు, చెప్పడం రాలేదు, కొరికింది. మేము ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టి, దెబ్బ తగిలిన పిల్లని ముందు ఓదార్చి, కొరికిన పిల్లకి "అది నాది, ఇవ్వు" అనే మాట అందిస్తాం. ఇంట్లో తిరిగి కొరికి చూపించడం, అందరి ముందు సిగ్గుపరచడం వద్దు. మాట పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది.

హోంవర్క్ ఇస్తారా? పరీక్షలు, మార్కులు ఉంటాయా?

పుస్తకంలో రాసే హోంవర్క్ లేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని, పరీక్షలు వద్దని, టీచర్ గమనించి రాసుకోవడమే మూల్యాంకనం అని, పైన భాష గురించి చెప్పినప్పుడు వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే ఉంది. నేను ఒక్కో పిల్లకి ఒక నోటుపుస్తకం పెట్టుకుంటాను. "ఇవాళ మొదటిసారి బొత్తాం తనే పెట్టుకుంది", "కథలో కోతి ఎందుకు ఏడ్చిందని అడిగింది" లాంటివి రాస్తాను. పేరెంట్స్ మీటింగ్‌లో అదే చదివి వినిపిస్తాను. ర్యాంకు అడిగిన నాన్నలు కూడా అది విన్నాక ఇంకో పేజీ చదవమంటారు.

ఇంట్లో పని కావాలంటే చాలా ఉంది. చిక్కుడుకాయలు తుంచడం, చపాతీ పిండి ముద్ద ఇచ్చి పాము చేయమనడం, ఉతికిన బట్టల్లో సాక్సుల జతలు వెతకడం, మొక్కకి నీళ్లు పోయడం, రాత్రి ఒక కథ.

ఫోన్‌లో రైమ్స్ చూసే బాగా నేర్చుకుంటోంది. చూపించొచ్చా?

ఈ వయసు వాళ్లకి రోజుకి గంటకి మించి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎంత తక్కువైతే అంత మంచిదనీ చెప్పింది. అదే సూచనల్లో 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటల కదలిక ఉన్నాయి. ఫోన్ పెరిగితే తగ్గేవి ఈ రెండే. ఫోన్ పాడుతుంది, పిల్ల చూస్తుంది. అదే పాట మీరు పాడితే పిల్ల మీ నోటి కదలిక చూస్తుంది, తప్పు పాడితే మీరు నవ్వుతారు, మళ్లీ పాడుతుంది. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ పెట్టే అలవాటు ఉంటే ముందు అది మానిపించండి. అలా అలవాటైన పిల్లలు బడిలో డబ్బా ముందు కూర్చుని నోరు తెరవరు.

ఎడమ చేత్తో గీస్తున్నాడు. కుడికి మార్చాలా?

వద్దు. ఏ చెయ్యి అనేది పిల్లలోనే ఉంది, ఇంకా కుదురుకునే వయసు కూడా. మేము క్రేయాన్ మధ్యలో పెడతాం, ఏ చేత్తో తీసుకుంటే ఆ చెయ్యే. ప్రసాదం కుడి చేత్తో తీసుకోవడం నేర్పుకోండి, గీత మాత్రం వాడిష్టం.

ఒంటి గురించి, భద్రత గురించి ఈ వయసులోనే చెప్తారా?

చెప్తాం, భయపెట్టకుండా. ఒంటి భాగాల పేర్లు నేర్పేటప్పుడే, బనియను, చెడ్డీ కప్పే చోట్లు నీవి, అమ్మ స్నానం చేయించేటప్పుడు, అమ్మ పక్కనుండగా డాక్టరు చూసేటప్పుడు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరైనా ముట్టుకుంటే గట్టిగా "వద్దు" అనాలి, వచ్చి చెప్పాలి అంటాం. "ఎవరికీ చెప్పకు" అని ఎవరన్నా సరే అది తప్పకుండా చెప్పాల్సిన మాటే అని కూడా. ఇంట్లో మీ వంతు ఒకటుంది. చుట్టాలకి ముద్దు పెట్టమని బలవంతం చేయకండి. వద్దన్నప్పుడు ఇంట్లోనే వినకపోతే బయట ఆ మాట ఎలా వస్తుంది?

ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. ఆగి చూడాలా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

మూడేళ్లు నిండినా రెండు మూడు మాటలు కలిపి చెప్పకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, కళ్లలోకి చూడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే ఆగొద్దు. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంట్లో అంటారు. కావచ్చు, అయినా చూపించండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. వినపడని పిల్ల మొండిదని పేరు పడటం నేను చూశాను.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నారు, జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉచితంగా చూస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక ఎదుగుదలలో ఇబ్బందులు ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది. టీచర్‌గా నేను జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. "ఒకసారి చూపించండి" అని అంటే నింద అనుకోకండి. ఆ మాట అనడానికి ముందు నేను చాలా రోజులు ఆ పిల్లని గమనించి ఉంటాను.

రోజూ బ్యాగులో ఏం పెట్టాలి?

ఒక జత బట్టలు, ఒక చెడ్డీ అదనంగా. ఈ వయసులో తడుపుకోవడం సహజం, ఎవరూ తిట్టరు. పేరు చొక్కా లోపలి వైపు రాయండి. కొత్త మనిషి బయట పేరు చదివి పిలవకూడదు కదా. నడుముకి ఎలాస్టిక్ ఉన్న నిక్కరు వేయండి. గట్టి బెల్టు, బిగుసు బొత్తాం ఉంటే పిల్ల విప్పుకునేలోపే అయిపోతుంది. లేసుల బూట్ల బదులు అంటించే పట్టీ ఉన్నవి.

డబ్బాలో ఇడ్లీ ముక్కలు, చపాతీ చుట్ట, అరటిపండు, ఉడికించిన గుడ్డు, రవ్వలడ్డు పెట్టొచ్చు. వేరుశెనగ గింజలు, కోయని ద్రాక్షపళ్లు, గట్టి చాక్లెట్లు గొంతుకి అడ్డం పడతాయి, వద్దు. పెట్టేది కొంచెమే పెట్టండి, పిల్ల ఖాళీ డబ్బా గర్వంగా చూపించుకోవాలి. ఇంకొకటి, కొత్త డబ్బా కొంటే మూత గట్టిదో కాదో దుకాణంలోనే పిల్ల చేతికిచ్చి తీయించి చూడండి. పదిన్నరకి ఇరవై మూతలు ఒకేసారి నా ముందుకొస్తాయి.